గుర్తు పెట్టిన పై

పదకొండు కొట్టేసరికి కళ్ళజోడు మనిషి మళ్ళీ వచ్చాడు.

పైలక్క పళ్ళెం తుడవడం ఆపి మొగుడి వైపు చూసింది.

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. లోపల కోడికూర కూరి, పైన పిండిమూత వేసి కాల్చిన పైలు అమ్ముతుంది కాబట్టి పేటంతటికీ ఆమె పైలక్కే. వెన్న విషయంలో పీనాసితనం లేదు. ఉప్పూ ఓ పిసరు ఎక్కువే. ఆ రుచికే జనం ఎగబడతారు.

ఈ మనిషి మాత్రం అందరిలా తినడు. మూలబల్ల దగ్గర కూర్చుని చాకుతో మూత లేపుతాడు. సంచిలోంచి అరచేతిలో పట్టేంత తూకం మిషను తీసి, మూత వేరుగా, కూర వేరుగా తూచి పుస్తకంలో రాసుకుంటాడు. సగం తిని, మిగతా సగం డబ్బాలో పెట్టుకుని పలక్కుండా ఉలక్కుండా వెళ్ళిపోతాడు.

ఇన్‌స్పెక్టరు కాక ఇంకెవడని తేల్చేశాడు మొగుడు, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే.

పోయిన నెల ఎదుటి హోటల్‌కి ఇలాగే ఎవరో వచ్చి, తిని, ఉప్పూ నూనే మితిమీరాయని మర్నాడు తాళం వేసి సీలు కొట్టిపోయారు. ఆ సీలు రోజూ పైలక్క కళ్ళెదుటే ఉంటుంది. ఈ కొట్టుకీ ఆ గతి పడితే ఇల్లు గడవదు.

ఆలుమగలు గుసగుసలాడి ఓ ఉపాయం పన్నారు.

ఆయనకి రోజూ ఓ పై వేరే చెయ్యాలి. అడుగున పిండి ఉండదు, పైన పల్చటి మూతొక్కటే. గరిటెడు వెన్నకి బదులు చెంచాడు. తోలు తీసిన కోడి కొంచెం, బీన్సు, కారెట్, బఠానీ దండిగా. ఉప్పు ఇలా చూపించి అలా తీసెయ్యడమే. మిగతావాటిలో కలిసిపోకుండా దాని మూత మీద ఫోర్కుతో ఇంటూ గుర్తు.

నెల్లాళ్ళు ఆ నాటకం సాగింది. ఆయన మూత లేపినప్పుడల్లా పైలక్క తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ మళ్ళీ తుడిచేది. ఓసారి గుర్తు లేని పై ఆయన బల్ల దాకా వెళ్ళిపోయింది. మొగుడు పరుగున వచ్చి, అది చల్లారిపోయిందని ఏదో నసిగి పళ్ళెం లాక్కొచ్చాడు.

ఆఖరికి ఓరోజు ఆయన నోరు విప్పాడు.

"అమ్మా, అందరికీ ఇదే పై ఇస్తారా?"

ఆమె తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది.

"ఒకటే పిండి, ఒకటే కూర సార్. మనిషికో రకం చెయ్యడం మాకెక్కడ కుదురుద్ది?"

ఆయన తలూపి, పుస్తకం మూసి, మొదటిసారి నవ్వాడు. మళ్ళీ రాలేదు.

గండం గడిచిందని పైలక్క ఊపిరి పీల్చుకుంది. ఇంటూ గుర్తు పై ఆ రోజుతో సరి.

తర్వాత కొత్త బేరాలు మొదలయ్యాయి. అందరూ పెద్దవాళ్ళే, మెల్లగా నడిచేవాళ్ళే. వాళ్ళలో ఎర్ర మఫ్లరు తాతయ్య వారానికి సరిగ్గా రెండుసార్లు వచ్చేవాడు. ఇంట్లో చప్పిడి మెతుకులతో తన నాలుక చచ్చిపోయిందనీ, మళ్ళీ పైలక్కే దానికి ప్రాణం పోసిందనీ మురిసిపోయేవాడు. పళ్ళెంలో పొడి కూడా మిగిల్చేవాడు కాదు.

ఉన్నట్టుండి ఓ వారం రాలేదు.

మరుసటి వారం ఆయన భార్య వచ్చింది. ఆయన్ని మళ్ళీ ఆస్పత్రిలో చేర్చారని చెప్పి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఒళ్ళంతా నీరు పట్టిందట, ఊపిరాడటం లేదట. ఉప్పు ఎక్కడో ఎక్కువవుతోందని డాక్టర్లు అంటున్నారట. తనేమో ఇంట్లో చిటికెడు కూడా వెయ్యదు.

"నాకు ముందు నీ పైల మీదే అనుమానం వచ్చింది తల్లీ, తప్పుగా అనుకోకు," అంది ముసలామె, సంచిలోంచి మడతపెట్టిన ఆస్పత్రి కాగితం తీసి. "ఈ కాగితం రాసిచ్చిన బాబే ఒప్పుకోలేదు. నెల్లాళ్ళు తిని చూశాను, తూచి చూశాను, ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు, ఇంకెక్కడైనా వెతకండి అన్నాడు."

పైలక్క చూపు మూలబల్ల మీదికి పోయింది.

"ఓ పై కట్టివ్వమ్మా. ఆయన నోటికి అదొక్కటే సయిస్తోంది."

వెనక పళ్ళేల్లో నలభై పైలు పొగలు కక్కుతున్నాయి. ఒక్కదాని మీదా ఇంటూ గుర్తు లేదు. నిజం చెప్పాలని నోరు తెరిచింది గానీ, ఎదుటి హోటల్ తాళం మీది సీలు కంటబడి మూసేసుకుంది.

ముసలామె కాగితం మడత విప్పి బల్ల మీద పరిచింది. ఊరగాయలు, వేపుళ్ళు, అప్పడాలు అన్నీ కొట్టేసి ఉన్నాయి.

అడుగున, మూలబల్ల దగ్గరి పుస్తకంలో పైలక్క నెల్లాళ్ళు భయపడుతూ చూసిన ఆ చేతిరాతలోనే రాసి ఉంది: "పై తినాలనిపిస్తే పైలక్క కొట్టులోనే, వారానికి రెండు, పూచీ నాది - ఆహార సలహాదారు, గుండెజబ్బుల వార్డు."