టిమార్కోస్ ఒప్పుకోడు

లిసానియాస్ మైనపు పలక చంకలో పెట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి, చెప్పులు కుట్టే ఫైదోస్ చేతిలో సూది ఆపి గట్టిగా అన్నాడు: "వచ్చాడయ్యా మన గీతల పెళ్ళికొడుకు!"

అలెగ్జాండ్రియాలో జ్యామితి తెలియనివాళ్ళు లేరు. అంటే, తెలియదని ఒప్పుకునేవాళ్ళు లేరు. చేపలమ్మే మనిషి కూడా బేరం కుదరకపోతే "ఏదీ, నిరూపించు" అంటుంది. ఇక రాజుగారి పండిత మండపం సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ రెండు పూటలా విందు భోజనం, మధ్యలో వీలుంటే కాస్త శాస్త్రం.

ఈ ఊళ్ళో వెనకటికి ఒక గురువు, తన శాస్త్రానికంతా పునాదిగా ఐదు మాటలు ఒప్పుకోమన్నాడు. నాలుగు చిన్నవి. ఎవరైనా ఒప్పుకుంటారు. ఐదోది మాత్రం ఎక్కడ గీతలు కలుస్తాయో, ఎక్కడ కలవవో తేల్చే మాట. పన్నుల ఆజ్ఞలా పొడుగ్గా ఉంటుంది. దాన్ని ఊరికే ఒప్పుకోవడమేమిటి, మిగతా నాలుగింటితోనే నిరూపిస్తానని లిసానియాస్ నూనూగు మీసాల నాడే బయల్దేరాడు. నీ వల్ల కాదని తోటి విద్యార్థి టిమార్కోస్ అన్నాడు. అంతే. ఇద్దరికీ గడ్డాలు నెరిసేదాకా అదే తగువు. ఒకసారి నిండు మండపంలో అంజూరపు పళ్ళు కూడా విసురుకున్నారు. జ్ఞానం అలాగే పెరుగుతుంది మరి.

ఇప్పుడు వాళ్ళ మధ్య మాటల్లేవు. లిసానియాస్ ఆ ఇంటి గడప దాటడు. టిమార్కోస్ బయటికి రాడు. రాయబారమంతా టిమార్కోస్ భార్య మిర్తలెది. ఆమె తండ్రి కూడా జ్యామితి గురువే. ఉయ్యాల్లో ఆమెకు గిలక్కాయకు బదులు వృత్తలేఖిని ఇచ్చారని వీధిలో చెప్పుకుంటారు.

ఆ రోజు లిసానియాస్ వెనకాలే మండపం పెద్ద కూడా ఆయాసపడుతూ వచ్చాడు. సిరాక్యూస్ నుంచి మొన్ననే ఓడ దిగి ఈ పదవిలో కూర్చున్న మనిషి. లిసానియాస్ నిరూపణను సభ ఒప్పేసుకుంది. మధ్యాహ్నం రాజుగారి ముందు చదవాలి. చదివితే బతికినంత కాలం మండపంలో భోజనం, ముంగిట్లో కంచు విగ్రహం.

"సభ ఒప్పుకున్నాక మళ్ళీ ఈ టిమార్కోస్ ఎవడయ్యా?" అన్నాడు పెద్ద.

"వాడు ఒప్పుకోవాలి."

"అందరూ చప్పట్లు కొట్టారు కదా!"

"భోజనానికి పిలుపొచ్చింది. అందుకు కొట్టారు."

తలుపు తెరుచుకుంది. "ఏమన్నయ్యా, మళ్ళీ నిరూపించేశారా?" అంది మిర్తలె.

"ఈసారి రాయిలా ఉందమ్మా. వాడికి చూపించు."

"కిందటిసారీ రాయే అన్నారు. పొద్దుగూకేలోపల ఇసుకయింది."

పలక తీసుకుని లోపలికి వెళ్ళింది. లిసానియాస్ అరుగు మీద కూర్చున్నాడు. లోపలినుంచి ఇసుక పళ్ళెంలో పుల్లతో గీస్తున్న చప్పుడు. అది ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది.

"త్రిభుజం దగ్గరే ఆగాడు," అన్నాడు లిసానియాస్. ఆ మాట అనేటప్పుడు అతని మొహం ఎందుకో వెలిగింది.

మిర్తలె వేళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ బయటికొచ్చింది. "ఆయన అంటున్నారూ, లిసానియాస్‌కు వయసొచ్చింది కానీ బుద్ధి రాలేదట. త్రిభుజంలో మూడు కోణాలూ కలిస్తే రెండు లంబకోణాలని మధ్యలో వాడేసుకున్నారట. అది దేనిమీద నిలబడిందో అడగమన్నారు."

లిసానియాస్ మొహం పాలిపోయింది. "ఐదో మాట మీదే."

"మరి? తన భుజం మీద తానే ఎక్కి ఊరేగుతున్నాడు గాడిద, అన్నారు. గాడిద నా మాట కాదన్నయ్యా, ఆయనదే."

"తెలుసమ్మా. అది వాడి మాటే."

పెద్దకు ఒళ్ళు మండిపోయింది. "అంత మొనగాడైతే బయటికొచ్చి నా మొహం మీద చెప్పమనండి!"

"ఆయన రారు," అంది మిర్తలె.

వీధిలో ఎవరూ నవ్వలేదు. ఫైదోస్ తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకోసాగాడు.

పెద్ద గొంతు తగ్గించి లిసానియాస్ చెవిలో అన్నాడు. "రాజుగారికి త్రిభుజాలకీ తిరగళ్ళకీ తేడా తెలియదు. చదివెయ్యి. ఎవడు పట్టుకుంటాడు?"

"ఇక్కడ పట్టుకున్నారుగా."

లిసానియాస్ పలక అందుకుని బొటనవేలితో మైనాన్ని రుద్దేశాడు. ఏడాదంతా పడిన పాటు గంధంలా చదునైపోయింది.

"విగ్రహం పోయింది! భోజనం పోయింది!" పెద్ద నెత్తి కొట్టుకున్నాడు.

"టిమార్కోస్ ఒప్పుకోలేదు. నన్నేం చెయ్యమంటారు?"

ఈ ఊళ్ళో పిచ్చికి కొలత లేదని సణుక్కుంటూ పెద్ద వెళ్ళిపోయాడు. మిర్తలె గిన్నెలో వేడివేడి పప్పు, బార్లీ రొట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది.

"తిని వెళ్ళండి. ఆయనే పెట్టమన్నారు."

"వాడా? నాకా?"

"తిట్టించుకోవడానికైనా ఒంట్లో ఓపికుండాలిట."

లిసానియాస్ నవ్వాడు. నవ్వుతూనే పైబట్ట చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. రొట్టె తుంచి పప్పులో ముంచాడు.

"ఇంకో దారి తట్టిందమ్మా. మళ్ళీ తెస్తాను. వాడేమంటాడో?"

"ఏమంటారు, తప్పంటారు."

"అనాలి. అనకపోతే నేనెలా బతికేది?"

రెండేళ్ళ కిందటి విషజ్వరాల్లో పోయిన టిమార్కోస్ పాడెకు ముందు కొమ్ము పట్టి, తూర్పు ద్వారం బయటి శ్మశానం దాకా భుజం మార్చకుండా మోసింది లిసానియాసే.