బావ కన్ను ఆనించిన చోటు

"మీ బావ కెమెరాని కోసేశావట్రా?"

అక్క గుమ్మంలోనే నిలబడింది. బల్ల మీద వీడియో కెమెరా డొల్ల ఉంది. పక్కనే బావ కన్ను ఆనించి చూసే గొట్టం, దానికి నేను అతికించిన వైర్లు ఉన్నాయి.

"పాడైందే కదక్కా. కొయ్యకపోతే లోపల ఇరుక్కున్న టేపు రాదు."

"నా మొహం చూసిన పాపాన పోలేదు ఆయన. ఎప్పుడూ దీన్లోనే కన్ను. అయినా నాకు మిగిలింది ఇదొక్కటేరా." గొట్టం కోసం చెయ్యి చాపింది. "ఇటివ్వు. మళ్ళీ నీ గడప తొక్కితే అడుగు."

"వైర్లు ముట్టుకోకు, షాకు కొడుతుంది. ముందు కన్ను పెట్టు."

"నా కళ్ళకి టీవీయే మసగ్గా ఉంటే, ఈ వేలెడు దాన్లో ఏం కనిపిస్తుంది?"

"కంటికి దగ్గరైతే కనిపిస్తుందని డాక్టరు చెప్పాడుగా."

గొట్టం వైర్లు కలిపిన టేపు మిషను మీట నొక్కాను. అక్క కోపంగానే వంగింది.

"ఎవరి పెళ్ళిరా ఇది?"

"మన చెల్లి కూతురిది. బావ పోయేముందు తీసిన ఆఖరి టేపు."

"మరి పెళ్ళికూతురేదీ?" కన్ను ఇంకాస్త ఆనించి గొంతు తగ్గించింది. "చుట్టాలేరీ? ఎంతసేపూ నేనే ఉన్నానేంట్రా?"



లోపల్నుంచి మా ఆవిడ భోజనానికి పిలిచింది. అక్క రెండు చేతులూ గొట్టం చుట్టూ వెలుగు పడకుండా మూసింది. కన్ను తియ్యలేదు.

"ఉండమనరా. ఆయనింకా తీస్తున్నారు."