కామెర్ల మంచం

“మీకు కామెర్లు రాలేదమ్మా,” అన్నాడు డాక్టరు.

“మళ్ళీ ఒకసారి చూడండి,” అంది కోడలు. “మా ఇంట్లో అందరికీ వచ్చాయి. మామగారికి, మా ఆయనకి, మా మరిదికి. పోయిన వారం మా అత్తగారు కూడా మంచమెక్కారు. నాకొక్కదానికే ఎందుకు రావు?”

డాక్టరుకు నవ్వొచ్చింది. వచ్చిందని ఏడ్చేవాళ్ళను చూశాడు గానీ రాలేదని పోట్లాడే మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

“మీ రక్తంలో రెండు రకాల యాంటీబాడీలు చూశాం. ఐజీఎం ఉంటే జబ్బు ఇప్పుడు కొత్తగా వచ్చినట్టు. మీకది లేదు. ఐజీజీ మాత్రం ఉంది. అంటే చిన్నప్పుడెప్పుడో మీకు తెలియకుండానే వచ్చి పోయుంటుంది. ఈ రకం కామెర్లు మీకిక జన్మలో రావు. అదృష్టవంతులు!”

“మరి ఈ నీరసం? అన్నం చూస్తే వికారం. రెండు మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయి.”

“రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోతున్నారా?”

ఆ మాటకు ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతమంది పడకేసిన ఇంట్లో ఆడమనిషికి నిద్రట నిద్ర! తాగే నీళ్ళు కాచాలి. ఒక్కొక్కరి కంచం విడిగా, వేడినీళ్ళతో కడగాలి. బాత్రూము బ్లీచింగ్ పౌడరు వేసి తోమాలి. చప్పిడి తిండి మాకొద్దని అలిగితే గడ్డం పట్టుకుని బతిమాలాలి. మగాళ్ళు ముగ్గురికీ తగ్గిపోయింది, లేచి తిరుగుతున్నారు. అయినా మంచినీళ్ళ గ్లాసు ఆమే అందించాలి. ‘కామెర్లొచ్చి లేచిన ఒళ్ళు కదా’ అంటారు. ఆ మాట తన గురించి ఎవరైనా అంటే వినాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో! నాలుగు రోజులు అక్కర్లేదు, ఒక్క రెండు రోజులు నడుం వాలిస్తే చాలు.

ఇంటికి చేరేసరికి ముగ్గురూ హాల్లో టీవీ ముందు కూర్చుని ఉన్నారు.

“ఏమన్నాడు?” అన్నాడు భర్త, చూపు తిప్పకుండానే. “త్వరగా కానీ, ఆకలేస్తోంది.”

ఆ రెండో మాట అనకపోతే ఆమె నిజమే చెప్పేదేమో.

“వచ్చిందన్నాడు,” అంది.

టీవీ ఆగిపోయింది.

“అయ్యో!” అన్నాడు మామగారు.

“మరి వంటో?” అన్నాడు మరిది.

“రిపోర్టు ఏదీ, ఇలా ఇవ్వు,” అన్నాడు భర్త.

ఆమె రిపోర్టున్న సంచీని గట్టిగా అదిమి పట్టుకుంది. ఇంతలో లోపలి గదిలోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

“రిపోర్టు వండుకు తింటావుట్రా? జబ్బు మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఆ ఆరాలేమిటి? మీ ముగ్గురికీ వచ్చి తగ్గింది, ఇక మళ్ళీ రాదు. పొయ్యి దగ్గరికి మీరే తగలడండి. అంట్లు కూడా మీవే. నువ్విలా రావే!”

కోడలు భయం భయంగానే లోపలికి వెళ్ళింది. మగాళ్ళను నమ్మించవచ్చు గానీ అత్తగారి కళ్ళు కప్పడం ఆ ఇంట్లో ఎవరి తరమూ కాదు.

“తలుపు గొళ్ళెం పెట్టు,” అంది అత్తగారు. “వెలుతురులోకి రా.”

బొటనవేలితో కోడలి కంటి రెప్ప కిందికి లాగి చూసింది. రెండో కన్నూ చూసింది.

“సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇవేం కామెర్లే?”

ఇంక దాచి లాభం లేదనుకుంది కోడలు.

“అత్తయ్యా, తప్పయిపోయింది. రాలేదు. అస్సలు చేతకావడం లేదు, కాస్త పడుకుందామని అబద్ధం చెప్పాను. ఇప్పుడే వెళ్ళి వంట మొదలెడతా.”

వంటింట్లో గిన్నెలు ధన్‌మని పడ్డాయి. “ఉప్పు డబ్బా ఎక్కడుందే?” అని భర్త కేక వేశాడు.

కోడలు అటు కదలబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. గోడవైపు జరిగి, పక్కన చోటిచ్చి, దుప్పటి ఎత్తిపట్టుకుంది.

“నోరుమూసుకుని పడుకోవే పిచ్చిదానా,” అంది గుసగుసగా. “నాకు మాత్రం వచ్చాయా ఏమిటి?”