నల్ల ఇంజను ముందు

“ఆ ఇంజను కదిలితే?” అంది వెర్నా, కారింకా ఆగకముందే.

“అది కదిలి అరవై ఏళ్లయిందమ్మా,” అంది కూతురు డెనీస్, స్టీరింగు తిప్పుతూ. “చక్రాల కింద సిమెంటు పోశారు.”

“సిమెంటు పగలదా? ప్రవేశం ఉచితం అన్నప్పుడే అనుకున్నాను. ఊరికే చూపిస్తున్నారంటే ఎక్కడో ఏదో ఊడిపడటానికి సిద్ధంగా ఉందన్నమాటే.”

వెనక సీట్లో ఏదో పటుక్కుమంది. మనవడు కోడీ లేచి చూశాడు. వెర్నా కళ్లద్దాలు. ఇందాకట్నుంచీ వాటి మీదే కూర్చున్నాడు.

“మొదలైంది,” అంది వెర్నా.

వాడి పక్కనే ఉన్న తాతయ్య క్లైడ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మూడు వారాలుగా ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం. గుండెకి ఆపరేషన్ చెయ్యాలి, సోమవారానికల్లా అవునో కాదో చెప్పమన్నాడు డాక్టరు. రేపే సోమవారం. ఆ మాటెత్తితే చాలు, క్లైడ్ లేచి కారు షెడ్డులోకి పోయి తలుపేసుకుంటాడు. రైల్వే మ్యూజియంలో షెడ్డు ఉండదు కదా అని వెర్నా ధైర్యం. అందుకే ఈ షికారుకి ఒప్పుకుని, హామ్ శాండ్‌విచ్‌లూ, బీట్‌రూట్ నీళ్లలో ఊరేసిన గుడ్లూ సర్దుకొచ్చింది.

“ఈ ఎండలో ఆ రైలు డ్రైవర్ల గీతల టోపీ, ఆ నీలం ఓవరాల్స్ అవసరమా?” అంది.

“అందరూ వేసుకొస్తారు,” అన్నాడు క్లైడ్.

లోపల అవే టోపీల్లో రిటైరైన రైల్వే వాళ్లు ఇంజన్ల చుట్టూ పెళ్లివారిలా తిరుగుతున్నారు. డెనీస్ కోడీని బొమ్మ రైళ్ల గదిలోకి లాక్కుపోతూ, “నాన్నతో మాట్లాడు,” అని కన్ను గీటింది. వెర్నా తిరిగి చూసేసరికి క్లైడ్ లేడు.

పడిపోయుంటాడు. అంబులెన్సు ఏ గేటులోంచి పడుతుందో కూడా చూసుకుంది వెర్నా. పది నిమిషాలు వెతికాక నల్ల ఇంజను ముందు బెంచీ మీద దొరికాడు, నెరిసిన గడ్డం నిమురుకుంటూ, బాయిలరు వంక చూస్తూ.

పక్కన కూలబడింది. ఆయన ఏదో అనబోయాడు.

“నువ్వేం మాట్లాడకు. నలభై ఒక్కేళ్లుగా నువ్వేమంటావో నాకు తెలుసు. ఇవాళ నేను చెప్తాను, నువ్వు వింటావు.”

ఆయన నోరు మూసుకున్నాడు. మామూలుగా అయితే ఈపాటికి లేచిపోవాలి. లేవలేదు. వెర్నాకి మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

“పక్కింటి హెరాల్డ్ ఏమయ్యాడో గుర్తుందిగా? ఆపరేషన్ వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. గడ్డి కోస్తూ కోస్తూ పోయాడు. సగం గడ్డి అలాగే ఉండిపోయింది. ఆ మిగతా సగం ఎవరు కోశారు? నేను.”

ఆయన తలూపాడు. జాలిగా కూడా చూశాడు. వెర్నా భుజం మీది బరువు సంచీ తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. పెళ్లయ్యాక సంచీ మోసిన మొదటి రోజు ఇదే.

ఆవిడకి కళ్లు చెమర్చాయి. ఆయన జేబులోంచి రుమాలు తీసిచ్చాడు. మడత నలగని ఇస్త్రీ రుమాలు. ఇదెప్పుడు ఇస్త్రీ చేసుకున్నాడు? అన్నీ సర్దుకుంటున్నాడన్నమాట. పోయేముందు మనుషులు ఇలాగే మంచివాళ్లయిపోతారు.

భయాన్ని దిగమింగుకుంటూ డబ్బా మూత తీసింది. బీట్‌రూట్ గుడ్లంటే ముప్పై ఏళ్లుగా మొహం తిప్పుకునే మనిషి, ఒకటి తిన్నాడు. రెండోది అడక్కుండానే తీసుకున్నాడు. మూడోదానికి చెయ్యి చాపేసరికి వెర్నాకి తేలిపోయింది. ఇంక రోజులు కాదు, గంటలే.

అంతలో ఇంజను మీది గంట టంగున మోగింది. ఆవిడ బెంచీ మీంచి ఎగిరిపడింది. పైన, డ్రైవరు కిటికీలో మసక మసగ్గా ఒక టోపీ కనబడి చటుక్కున లోపలికి పోయింది.

“ఈ వయసులో అంత ఎత్తు ఎక్కడం అవసరమా?” అంది. “ఆయన పెళ్లాం ఏ మూలో నిశ్చింతగా ఐస్‌క్రీమ్ తింటూ ఉంటుంది. కొందరికి అసలు భయమన్నదే ఉండదు.”

ఆయన కిటికీ వంక చూశాడు. వెర్నా వంక చూశాడు. గుడ్డు చాలా మెల్లగా నమిలాడు.

మ్యూజియం మూసే వేళయిందని మైకులో చెప్పారు. బొమ్మ రైళ్ల గది లైట్లు ఆరుతున్నాయి. ఇక ఇంటికెళ్తే మళ్లీ షెడ్డే. వెర్నా ఆయన చెయ్యి పట్టుకుంది.

“నీకు భయమని నాకు తెలుసు. నాకూ భయమే. కదలని ఇంజను కదులుతుందేమోనని భయపడేదాన్ని, రేపు నువ్వు కదలకుండా పడుంటే నేనేమైపోను? నన్ను తిట్టినా సరే, ఒక్క మాట చెప్పు. ఆపరేషన్ చేయించుకుంటావా, లేదా?”

జనం ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. కాపలా అతను వచ్చి, ఇద్దర్నీ చూసి, మళ్లీ వస్తానన్నట్టు వెనక్కి వెళ్లిపోయాడు. వెర్నా చెయ్యి వదల్లేదు.

“నాకు పోయిన మార్చిలోనే చేశారమ్మా, నొప్పే తెలీలేదు,” అన్నాడాయన చివరికి, వేళ్లకంటిన బీట్‌రూట్ ఎరుపు చూసుకుంటూ, “మీ ఆయన సంగతంటారా, ఇందాకట్నుంచీ ఆ ఇంజనులో నక్కి మనల్నే చూస్తున్నాడు, వెళ్లి ఆయన్నే అడగండి.”