మొదటి పేజీలో తమ్ముడు

మార్చి నెల రెండో ఆదివారం, ఉదయం పదిన్నర. చదరంగం క్లబ్బు కార్యవర్గ అత్యవసర సమావేశం. హాజరైనవారు: అధ్యక్షుడు లాయరుగారు, కార్యదర్శి లెక్కల మేడం, కోశాధికారి పళ్ల డాక్టరు. నాలుగో కుర్చీలో, బల్లకు కాస్త ఎడంగా, లాయరుగారి సొంత తమ్ముడి అల్లుడు. క్లబ్బు వెబ్‌సైటు చూసుకునేది అతనే. ఆ ఉదయం మాత్రం అతను ముద్దాయి.

"పెదమామయ్యగారూ, ముందు నేను..."

"ఇక్కడ మామయ్యలెవరూ లేరు. అధ్యక్షా అను."

రెండేళ్ల కిందట తమ్ముడు అన్నతో తగవుపడి, సగం మంది సభ్యులనూ మంచి బల్లలన్నింటినీ వెంటబెట్టుకుని, వెనక వీధిలో వేరే క్లబ్బు పెట్టాడు. ఇప్పుడు ఊళ్లో ఎవరు చదరంగం నేర్చుకుందామని ఫోనులో వెతికినా మొదటి పేజీలో, మొదటి వరసలో తమ్ముడి క్లబ్బే కనిపిస్తుంది. అన్న క్లబ్బు కావాలంటే ఐదో పేజీ దాకా వెళ్లాలి. అంత ఓపిక ఉన్నవాడికి చదరంగం వేరే నేర్పనక్కర్లేదు. ఈ ఏడాది కొత్తగా చేరినవాడు ఒక్కడే. అతనూ జిమ్ అనుకుని మెట్లెక్కినవాడే.

"మన సైటును పైకి తెమ్మని నీకు అప్పగిస్తే, మీ మామను పైకి తెచ్చావు. అవునా, కాదా?"

"కాదు."

"మొన్న వాళ్ల పోటీలకు వెళ్లావా, లేదా?" లాయరు ఒక ఫొటో బల్ల మీద పడేశాడు. "ఆధారం లేకుండా నేను నోరు విప్పను."

"మా ఆవిణ్ణి దింపడానికి వెళ్లాను."

"దింపి రావడానికి వెళ్లినవాడి చేతిలో కాఫీ కప్పెందుకు?"

"రెండో చేతిలో బిస్కెట్టు కూడా ఉంది," అన్నాడు పళ్ల డాక్టరు, ఫొటోను వెలుతురుకు పట్టి.

ఆధారం లాయరుగారికి వ్యసనం. ఆధారం లేని నింద వట్టి తిట్టని ఆయన సిద్ధాంతం. తమ్ముడి క్లబ్బు అక్రమాల మీద వారం వారం సైటులో ఒక వ్యాసం రాసేవాడు. ఎత్తుకుపోయిన బల్లలు, దొంగ రేటింగులు, రాని పెద్దమనుషులు వచ్చినట్టు వేసుకున్న ఫొటోలు. ఒక్కొక్క ఆరోపణ కిందా దాని ఆధారం చూపేవాడు. వ్యాసాలను తానే స్వయంగా సైటులో ఎక్కించేవాడు. కామానైనా ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అల్లుడు ఆ గదిలో కాళ్లు నేలకందని వయసునుంచీ ఆడుతున్నాడు. మామ ఎన్నిసార్లు పిలిచినా కిటికీ పక్క బల్ల వదిలి వెళ్లలేదు. వచ్చే నెల రెండు క్లబ్బుల పోటీలో, అందరికన్నా మేటి ఆటగాడు కూర్చునే మొదటి బల్ల ఇక్కడ అతనిది. సభ్యత్వం పోతే ఆ బల్లా పోతుంది.

వాదోపవాదాలకు ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. మధ్యలో చెరో వైపు ఒక ముల్లున్న ఆట గడియారం పెడతారు. ఎవరి వంతు వస్తే వారి ముల్లు నడుస్తుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే, మీట నొక్కి తమ ముల్లు నడుపుకోవాలి. ఇచ్చిన సమయం అయిపోయి గడియారం మీది జెండా పడితే ఇక నోరు మెదపకూడదు. ఆ పద్ధతి పెట్టింది తమ్ముడే. ఆ ఒక్క విషయంలోనే అన్న అతణ్ణి తప్పుపట్టలేదు.

లెక్కల మేడం అల్లుడికి రెండు నిమిషాలు పెట్టింది.

"ఒక సైటులో ఇంకో సైటుకు లింకు ఇస్తే, వెతికే యంత్రం దాన్ని ఓటుగా లెక్కేస్తుంది. పొగిడి ఇచ్చారా, తిట్టి ఇచ్చారా అని చూడదు. ఎవరికి..."

"మాకు పాఠాలు చెప్పకు!" అన్నాడు లాయరు. మీట నొక్కలేదు. అల్లుడి ముల్లే నడుస్తోంది.

"మా మామయ్యకి ఓట్లు ఎక్కణ్ణుంచి పడుతున్నాయో నిన్న చూశాను."

"వాళ్ల గుట్టు నీకెలా తెలిసింది?"

"ఎవరైనా చూడొచ్చండీ."

"ఎవరైనా చూడొచ్చట! విన్నారా డాక్టరుగారూ?"

"ఇన్నేళ్లుగా నోళ్లు తెరిపిస్తున్నాను. ఇంత పుచ్చిన నోరు చూళ్లేదు."

అల్లుడి చెంపలు ఎర్రబడ్డాయి. "ఆ ఓట్లు బయటివి కావు. మన క్లబ్బులోంచే పడుతున్నాయి. అన్నీ ఒక్కరివే."

లాయరు లేచి నిలబడ్డాడు. "మనలో ద్రోహి ఉన్నాడని నేను మొదట్నుంచీ మొత్తుకోవడం లేదూ? నా ఉప్పు తిని, నా గదిలో కూర్చుని, నా తమ్ముడికి పల్లకీ మోస్తున్నాడని..."

"అధ్యక్షా, మీట," అంది లెక్కల మేడం.

"మధ్యలో రావద్దు మేడం! ఎవడు వాడు? వాడి పేరు నీ నోటితోనే చెప్పిస్తాను. తప్పించుకోలేవు. రెండేళ్లు! రెండేళ్లుగా నా కళ్లల్లో కారం కొడుతూ..."

"పెదమామయ్యా, అది మీ..."

టక్కున జెండా పడింది.

"ఒక్క మాట!"

"ఆటలో జెండా పడ్డాక ఒక్క ఎత్తు అని అడుగుతావా?" అన్నాడు లాయరు.

అల్లుడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆడేవాడు జెండాను కాదనడు.

"ఏం చెప్పబోయాడో విందామా?" అంది మేడం, కలం పట్టుకుని.

"చెప్పడానికేముంది? పట్టుబడ్డాడు."

ఆమె సభ్యత్వ రద్దు తీర్మానం మీద సంతకం చేసింది. డాక్టరు చేశాడు. అల్లుడు గది తాళంచెవి బల్లమీద పెట్టి, కిటికీ వైపు ఒకసారి చూసి, మెట్లు దిగిపోయాడు.

లాయరు ఆ తీర్మానం మీద తన సంతకమూ పెట్టి, నాలుగు మడతలు పెట్టి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ఆ తరవాత కంప్యూటరు ముందు కూర్చుని, 'మనలో ద్రోహి' అని ఆ వారం వ్యాసం ముగించి, రెండేళ్లుగా ప్రతి ఆరోపణ కిందా చేస్తున్నట్టే, ఆధారంగా తమ్ముడి సైటుకు లింకు ఇచ్చాడు.