కంచె అవతలి చర్చి

“తియ్యనంటే తియ్యను. ఇది నా పొలం,” అన్నాడు క్రాస్‌లీ, గేటు గొలుసుకి వేసిన తాళం మీద చెయ్యి పెట్టి. మంచి కోటు తొడుక్కొచ్చాడు గానీ, మంచి మాట ఒక్కటీ వెంట తెచ్చుకోలేదు.

గేటుకి ఇవతల ఎనిడ్ నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి. కాళ్ళకి బురద బూట్లు, చేతిలో సంచి, సంచిలో తడి కాగితంలో చుట్టిన ప్రిమ్‌రోజ్ పూలు. గేటుకి అవతల గొర్రెలు మేసే బీడు, దాని చివర పొట్టి రాతి చర్చి. చుట్టూ ఉన్న ఊరు ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఆ చర్చి గోడ పక్కనే ఆమె కొడుకు కోలిన్ సమాధి ఉంది. ఆరేళ్ళకే పోయాడు. కిందటేడు క్రాస్‌లీ ఈ పొలాలు కొని కంచె వేసినప్పటినుంచీ ఆమె వాడి దగ్గరికి వెళ్ళలేదు. ఈ కాలిబాట తప్ప ఇంకో దారి లేదు.

ఇది ఎవరి దారో తేల్చడానికి మిస్ హాల్రాయిడ్ అనే అధికారి వచ్చింది. ఆవిడ గాలికి ఎగిరే పటం సర్దుకుంటూ ఉంటే, కాలిబాటల సంఘం మనిషి డెస్మండ్ ఎనిడ్ చెవిలో గొణిగాడు.

“ఇరవై ఏళ్ళు జనం నడిస్తే అది జనం దారే. చట్టం మనవైపుంది. దొంగచాటుగా నడవలేదు, కంచె తెంచి నడవలేదు, అంతే చెప్పండి. అడిగినదానికే జవాబు. ఒక్క ముక్క ఎక్కువ వద్దు.”

“ఈ దారి పోతే నేను బతకలేను డెస్మండ్.”

“పోదులెండి. కానీ ఉన్న సాక్షి మీరొక్కరే. మీతో నడిచినవాళ్ళంతా అక్కడ చర్చి పక్కనే పడుకున్నారు. లేపి తీసుకురాలేం కదా.”

మిస్ హాల్రాయిడ్ కలం తీసింది. “ఎన్నేళ్ళుగా నడుస్తున్నారండీ?”

“మా కోలిన్ పోయిన దగ్గర్నుంచీ. నలభై ఏళ్ళు దాటింది తల్లీ.”

“ఎప్పుడెప్పుడు?”

“ప్రతి ఆదివారం. వానొచ్చినా, మంచు పడినా.”

“పట్టపగలేనా? అందరూ చూస్తుండగానేనా?”

“పగలే. గారెట్ ట్రాక్టరు మీంచి చెయ్యి ఊపేవాడు కూడా.”

“గారెట్ అంటే పాత ఆసామి. ఆయనెప్పుడైనా ఆపాడా?”

“ఒక్కనాడూ ఆపలేదు.”

మిస్ హాల్రాయిడ్ తృప్తిగా తలూపి కలానికి మూత పెట్టబోయింది. డెస్మండ్ ముఖం వెలిగిపోయింది. ఎనిడ్ చర్చి వైపు చూసింది. ఇంకాసేపట్లో వాడి దగ్గర కూర్చోవచ్చు అనుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చింది.

క్రాస్‌లీకి మండింది.

“గారెట్ ఎందుకు ఆపలేదో నేను చెప్తాను. చూసుకోలేదు గనక! ముసలాయన చూపు ఆనక కూర్చుంటే ఈవిడ సందు చూసుకుని దూరేది. ఊరంతా పెద్దమనిషి అంటారు, చేసేది దొంగతనం!”

ఎనిడ్ చెంపలు ఎర్రబడ్డాయి. ఎవరి తోటలోనూ రాలిన పండు కూడా ఏరుకోని మనిషి. డెస్మండ్ మోచేత్తో పొడిచినా ఆమెకి తెలియలేదు.

“దొంగనా? నేనా? బాబూ, చెప్పకుండా ఒకరి గడప తొక్కి ఎరుగుదునా! ప్రతి కొత్త సంవత్సరం ప్లమ్ జామ్ సీసా పట్టుకుని గారెట్ తలుపు తట్టేదాన్ని. ‘ఈ ఏడు కూడా మీ పొలంలోంచి వెళ్ళనా?’ అని అడిగేదాన్ని. ‘నిక్షేపంగా వెళ్ళమ్మా’ అనేవాడు. అడక్కుండా ఒక్క ఏడు నడిస్తే ఒట్టు!”

డెస్మండ్ కళ్ళు మూసుకున్నాడు.

“ప్రతి ఏడూ అడిగేవారా?” అంది మిస్ హాల్రాయిడ్ మెల్లగా.

“ప్రతి ఏడూ. మా ఆయన్ని తీసుకెళ్ళి మరీ అడిగేదాన్ని.”

“ఒకవేళ గారెట్ వద్దని ఉంటే?”

“వద్దంటే ఎలా వెళ్తాను తల్లీ? పొలం ఆయనది కదా!”

మిస్ హాల్రాయిడ్ ఆ మాట రాసుకుంది. రాసుకోవడం ఇష్టం లేనట్టే రాసుకుంది.

“హక్కున్నవాళ్ళు సెలవు అడగరండీ. మీరు నడిచింది హక్కుతో కాదు, గారెట్ దయతో. ఆ దయ ఆయనతోనే పోయింది. నన్ను క్షమించండి, నేను చెయ్యగలిగింది లేదు.”

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నలభై ఏళ్ళ మంచి నోరు ఎనిడ్‌ని గేటు ఇవతలే నిలబెట్టింది. దొంగచాటు, దౌర్జన్యం సంగతి చెప్పాడు గానీ, అనుమతి అడగడమూ తప్పేనని ముందే చెప్పాలని డెస్మండ్‌కి తట్టలేదు. తన తెలివితక్కువతనానికి లెంపలు వేసుకోవాలనిపించింది ఆయనకి.

ఎనిడ్ గొలుసు పట్టుకుంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. “ఒక్కసారి పూలు పెట్టి వస్తాను. పొద్దున్నే కోశాను, వాడిపోతాయి...”

“అదేమిటి మామ్మగారూ, ఏడుస్తారెందుకు?” అన్నాడు క్రాస్‌లీ. గొంతులో ఇప్పుడు తేనె కారుతోంది. “గారెట్‌ని అడిగినట్టే నన్నూ అడగండి. నేనేమైనా మనిషిని కానా?”

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎక్కడికీ ఉత్త చేతుల్తో వెళ్ళే అలవాటు లేని మనిషి, సంచి అడుగునుంచి జామ్ సీసా తీసి గేటు మీదుగా అందించింది.

“ఈ ఏడు మీ పొలంలోంచి వెళ్ళనా బాబూ?”

క్రాస్‌లీ సీసా అందుకుని, వెలుతురుకి పెట్టి చూసుకుని, చంకలో పెట్టుకున్నాడు.

“ఈ ఏడు కుదరదు మామ్మగారూ. వచ్చే ఏడు మళ్ళీ అడిగి చూడండి.”