గంటకి వీపు పెట్టి

"ఈ పూటకి ఇక్కడే ఉండిపో బాల్తజార్ అన్నా. గాలి వాలకం బాగాలేదు," అన్నాడు పట్నంలో కొట్టతను.

బాల్తజార్ వినలేదు. గోధుమ బస్తాలు దింపేశాడు. పెళ్ళాం డొరొతియాకి కొన్న నీలం శాలువాని మంచుమీద జారే బండిలో పెట్టుకున్నాడు. ఇల్లు విడిచి మూడు రోజులైంది.

"తుఫానొస్తే మావాళ్ళు చర్చి గంట కొడతారులే. చర్చి దాకా ఆ మోత ఎదురుగా పెట్టుకుంటా. అది దాటాక గంటకి వీపు పెట్టి రెండు మైళ్ళు తోలితే మా గుమ్మం. కళ్ళకి గంతలు కట్టినా పోతాను."

"చర్చిలోనే ఆగిపోవచ్చుగా?"

"ఆ గంట కిందా? చచ్చినా ఆగను."

కొట్టతను నవ్వాడు. ఆ గొడవ తెలియనివాళ్ళు లేరు. రష్యా నుంచి అమెరికాలో డకోటాకి వచ్చిపడ్డ మా జర్మన్లలో మొండిఘటాలకి కొదవ లేదు. బాల్తజార్ వాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఆ గంటని పాత ఊరి నుంచి ఓడలో తెచ్చింది వాళ్ళ నాన్న. అందుకని దాన్ని తను చెప్పిన చోటే కట్టాలన్నాడు బాల్తజార్. పెద్దలు కుదరదన్నారు. అంతే, మూడేళ్ళుగా చర్చి గడప తొక్కలేదు. ఆదివారాలు డొరొతియా ఒక్కతే వెళ్ళి, నలుగురి దెప్పుళ్ళూ తిని వచ్చేది. పాపం, ఆ ఇల్లాలి బతుకు రెండువైపులా తిట్లే.

మధ్యాహ్నానికి తుఫాను విరుచుకుపడింది. చాచిన చెయ్యి కనపడని మంచు. మనిషి బయట ఉన్నంతసేపూ గంట ఆగకూడదన్నది మా ఊరి కట్టుబాటు. గంట కొట్టే మథాయిస్ తాడు అందుకోబోతే డొరొతియా లాగేసుకుంది.

"నా మొగుడికి నేనే కొడతాను మావయ్యా."

కొడుతూనే ఉంది. అరచేతులు చిట్లి తాడు ఎర్రబడింది. మథాయిస్ అడిగినా వదల్లేదు. పొద్దు వాలే వేళకి ఉలిక్కిపడి, మా గుర్రం సకిలించిందంది. గాలమ్మా, గాలి, అన్నాడు మథాయిస్. ఆమె ఇంకా గట్టిగా లాగింది. ఆ మోత వింటే ఆయన వచ్చేస్తాడని ఆమె నమ్మకం.

మర్నాడు పొద్దున గాలి తగ్గాక ఊరివాళ్ళూ డొరొతియా వెతకడానికి బయల్దేరారు. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. గంటకి ముప్పై అడుగుల్లోనే కంచె గుంజ ఒకటి బండి ఒరుసుకుని చెక్కుకుపోయి ఉంది. దానికి నీలం శాలువా చిక్కుకుని ఎగురుతోంది.

"ఇంత దగ్గరకొచ్చి ఆగలేదా?" అన్నాడు ఒకడు.

బండి ఒరుసుకుపోయిన వైపే పడమరగా వెళ్ళారు. గుర్రం బతికే ఉంది. కళ్ళెం లాగిన లాగుడికి దాని నోరు చీరుకుపోయింది. వీపు నిండా కొరడా వాతలు. అది ఆగిపోదామని మొండికేసినట్టుంది, అతను తోలుకుపోయాడు.

బాల్తజార్ ఇంకాస్త ముందు, మోకాళ్ళ మీద బిగుసుకుపోయి ఉన్నాడు. గంటకి సరిగ్గా రెండు మైళ్ళు. చుట్టూ ఖాళీ మైదానం. తలుపు గడియ కోసం తడుముతున్నట్టు రెండు చేతులూ ముందుకి చాచి ఉన్నాయి.

మథాయిస్ టోపీ తీసి డొరొతియా వైపు చూశాడు, చూడలేక తల తిప్పుకున్నాడు.

మొగుడు ఇల్లు చేరేసరికి అతని పంతం నెగ్గించి సంతోషపెడదామని, అతను పట్నం వెళ్ళిన మర్నాడే పెద్దల కాళ్ళావేళ్ళా పడి, ఆ గంటని చర్చి నుంచి దింపించి తన ఇంటి గుమ్మం ముందు కట్టించుకుంది డొరొతియాయే.